దాఖలా లేని మాట

కోరాపుట్,
8 జనవరి 2024.

అమ్మీ మహతీ,

ఇక్కడ చలి పుష్కలంగా ఉంది, మిగతావన్నీ సరిపడా ఉన్నాయి. నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

నిన్న నువ్వు చాలాసార్లు ఫోన్ చేసినట్టు తెర మీద కనిపించింది. ఇకమీదట చెయ్యకు. కోపంతో అనడం లేదు. ఫోన్లో మనం మాట్లాడుకునేదేముంది చెప్పు, తిన్నావా, తిన్నాను, ఇంకేమిటి, ఏమీ లేదు, ఉంటాను. ఇంతేగా. దానికంటే ఉత్తరాలు రాసుకుందాం. రాయగడ నుంచి ఇక్కడికి టపా బాగానే వస్తోంది.

మీ నాన్న ఉంటే ఈపాటికి కుర్చీలో ముందుకు వంగి "దాఖలా ఏదీ?" అనేవాడు. సంస్థానం కచేరీలో కాగితాల మధ్య బతికిన ఇల్లు మనది. ఎవరు ఏది కోరినా, అంతకుముందు ఎవరో అలా చేసి బాగుపడ్డట్టు చూపించాలి. చూపిస్తే కోరిక నెగ్గుతుంది, లేకపోతే నోరు మూసుకుని అన్నం తినాలి. ఏడేళ్ళప్పుడు నువ్వు కుక్కపిల్ల కావాలని ధర్మరాజుని అడ్డం పెట్టుకున్నావు, స్వర్గం గుమ్మం దాకా ఆయన కుక్కని వదల్లేదు కదా అని. మా అన్నయ్య, అదే మీ నాన్న, ఆ రోజే వెళ్ళి కుక్కపిల్లని తెచ్చాడు.

కాబట్టి నా దాఖలా కూడా చూడు. మీ ముత్తాత జయపురం కచేరీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ముత్తవ్వ గుణుపురంలో ఉండేది. మధ్యలో అన్నీ కొండలు. ఉత్తరాలతోనే ఆవిడ ఇల్లు నడిపింది, పిల్లల పెళ్ళిళ్ళు కుదిర్చింది, ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టింది. వాళ్ళ కాపురం ఏమీ చెడలేదు. ఉత్తరాల వల్ల మన మాటలు మాత్రం ఎందుకు చెడతాయి?

ఇంట్లో వాదించే మనిషి పోయాడు. రెండు పక్షాలూ నేనే మాట్లాడుకుంటున్నాను. పెద్దగా బాగుండదు.

ఇట్లు,
ఫోన్ ఎత్తని నీ అత్త,
జానకి.

రాయగడ,
19 జనవరి 2024.

అత్తా,

నువ్వే నెగ్గావు. ముత్తవ్వ దగ్గర ఫోన్ లేదు గనక ఉత్తరాలు రాసింది, ఉండుంటే పొద్దున్నే ఫోన్ చేసి తిట్టేదని నా వాదన. కానీ నాన్న లేకుండా తీర్పు చెప్పేవాళ్ళు ఎవరు? ఒప్పుకుంటున్నాను.

మన జబ్బు ఊరంతటికీ ఉంది. మొన్న గుడారిలో రైతుల సమావేశానికి వెళ్ళాను. మట్టి పరీక్ష చేయించి, దాన్ని బట్టి ఎరువు వెయ్యండి అని చెబుతున్నాను. మన్మథరావు అనే పెద్దాయన లేచి, "మా తాత ఏ పరీచ్చా సెయ్యలేదమ్మా, నూరేళ్ళు బతికేడు" అన్నాడు. అందరూ తలలూపారు. వెనక నుంచి ఆయన భార్య అమ్మన్నమ్మ అంది: "ఆళ్ళ తాత నలబైకే పోయేడమ్మి. నూరేళ్ళు బతికింది మా తాత. ఈయన ఎప్పుడూ మా తాతనే సెప్పుకుంటాడు." సమావేశం అక్కడితో ఆఖరు. నేను కూడా నవ్వుతూనే స్కూటర్ ఎక్కాను. ఇంటికి వచ్చాక ఆ సంగతి చెప్పడానికి ఎవరూ లేరు. సాయంత్రం లైటు వేస్తే పొద్దున నేను పెట్టిన చోటే మంచినీళ్ళ గ్లాసు ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని కదిపి ఉంటే బాగుండునని పిచ్చి ఆలోచన వస్తుంది.

అసలు విషయం. మా వ్యవసాయ శాఖలో బదిలీలు వచ్చాయి. ఎక్కడికి కావాలో మార్చి ఆఖరులోగా రాసి ఇవ్వాలి. నాకు రెండే చోట్లు ఉన్నాయి. ఒకటి భువనేశ్వర్ పెద్దాఫీసు, రెండోది కోరాపుట్. పక్క బల్ల సుభశ్రీ భువనేశ్వర్ అంటోంది, పైకి వెళ్ళే దారి అదేనట. నువ్వేమంటావు? మన పద్ధతి ప్రకారం దాఖలాతో సహా రాయి.

నీ మహతి.

కోరాపుట్,
2 ఫిబ్రవరి 2024.

అమ్మీ,

అమ్మన్నమ్మకి నా నమస్కారాలు చెప్పు. తాతని అరువు తెచ్చుకున్న మొగుణ్ణి నేను ఇప్పటిదాకా వినలేదు.

ఇక్కడ విశేషం ఏమీ లేదు. ఎదురింటి సింహాచలమ్మ మొన్న మునక్కాడలు పట్టుకొచ్చి నా మీద కేకలేసింది. "ఏటి టీచరమ్మా, తలుపు కొట్టి కొట్టి నా సెయ్యి పడిపోనాది. లోపల ఏటి సేస్తన్నావు?" అని. పుస్తకంలో పడితే నాకు ఒళ్ళు తెలియదన్నాను. ఆవిడ మునక్కాడలు ఇచ్చి గొణుక్కుంటూ పోయింది.

నీ బదిలీ సంగతి. నువ్వు భువనేశ్వర్ ముందు రాశావు, కోరాపుట్ తర్వాత రాశావు. రాసిన వరసలోనే మనసు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు పిల్లల కాగితాలు దిద్దినదాన్ని, ఆ మాత్రం తెలియదా. నీకు వెళ్ళాలని ఉంది, నన్ను వదిలి వెళ్ళడానికి ఒక దాఖలా కావాలి. ఇదిగో తీసుకో.

చిన్నప్పుడు నేనూ మీ నాన్నా నిన్ను నందపూర్ తీసుకెళ్ళాం, గుర్తుందా? పాడుబడిన సింహాసనం మెట్ల మీద కూర్చుని అరటిపండు తిన్నావు. ఒకప్పుడు అదే రాజధాని. రాజులు దాన్నే పట్టుకుని వేలాడలేదు. జయపురం వెళ్ళారు. అక్కడ కోట లేచింది, ఊరు పెరిగింది, మన తాతలకి ఉద్యోగాలు దొరికాయి. వాళ్ళు కొండ దిగబట్టే ఈ రోజు మనం ఉన్నాం. నందపూర్‌కి ఏం లోటు? పొలాలు పండుతున్నాయి, వారానికోసారి సంత జరుగుతుంది, దాని బతుకు అది బతుకుతోంది.

నువ్వు కూడా కొండ దిగు. భువనేశ్వర్ రాసి ఇవ్వు. నా గురించి ఆలోచించకు.

అత్త.

రాయగడ,
16 ఫిబ్రవరి 2024.

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా బాగా వాదించావు. నాన్న ఉంటే చప్పట్లు కొట్టేవాడు.

ఒక్క అనుమానం. రాజులు వెళ్ళిపోయాక ఆ సింహాసనం పాడుబడింది, అదీ ఆ కథలోదే కదా. నువ్వు జయపురం గురించే రాశావు.

వాదన కోసమే ఇంకో దాఖలా చూపిస్తాను, వాదన కోసమే సుమా. సంస్థానం రద్దయ్యాక తాతయ్యకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళలేదు. మీ మేనత్త విధవరాలై ఒంటరిగా ఉంటే, ఆవిడ కోసం కోరాపుట్‌లోనే ఉండిపోయాడు. పెద్దగా సంపాదించలేదు గానీ ఇల్లు నిండుగా ఉండేదని నాన్న చెప్పేవాడు. మరి ఉండిపోయినవాళ్ళు కూడా చరిత్రలో ఉన్నారు కదా? ఈ దాఖలాతో ఎవరైనా కోరాపుట్ రాసి ఇస్తే నువ్వేమంటావు?

ఈ వారం కొల్నారలో పని ఎక్కువ. గదికి వచ్చేసరికి ఆకలి కూడా ఉండటం లేదు. సుభశ్రీ తన డబ్బాలోంచి సగం పెడుతోంది, కంగారు పడకు.

మహతి.

కోరాపుట్,
1 మార్చి 2024.

అమ్మీ,

వాదన కోసం అన్నావు కాబట్టి వాదన కోసమే జవాబు. నీ దాఖలా చెల్లదు.

బళ్ళో వక్తృత్వం పోటీలకి పిల్లల్ని తయారు చేసేటప్పుడు మొదటి రోజే చెప్పేదాన్ని. చరిత్రలోంచి ఒక మనిషిని పిలుచుకొచ్చి పక్కన నిలబెట్టుకుంటే, వినేవాళ్ళు నిన్ను కాదనగలరు గానీ ఆయన్ని కాదనలేరు. అయితే పిలిచే ముందు ఆయన బతుకు చివరిదాకా చదువుకో. పోయినవాళ్ళు పాపం ఎవరు పిలిచినా వస్తారు, ఏ పక్క నిలబెడితే ఆ పక్క నిలబడతారు. బిశ్వజిత్ అని ఒకడుండేవాడు. అశోకుడి శాంతి గురించి గొంతు చించుకున్నాడు. ఎదుటి పక్షం పిల్ల లేచి, "శాంతికి ముందు మా కళింగంలో ఎంతమందిని చంపించాడో కూడా చెప్పమనండి" అంది. వాడు వేదిక మీదే ఏడ్చేశాడు.

నువ్వు మీ తాతయ్య కథ సగమే చదివావు. మిగతా సగం నేను పక్కన కూర్చుని తిన్నాను. రోజూ అన్నం ముందు ఆయన విశాఖపట్నం సంగతి ఎత్తేవాడు. వెళ్ళి ఉంటే ఇంత జీతం, వెళ్ళి ఉంటే సముద్రం పక్కన ఇల్లు, వెళ్ళి ఉంటే పిల్లలకి పెద్ద కాలేజీలు. మా మేనత్త తల వంచుకుని ఆ మాటలతోపాటే ముద్ద మింగేది. ఒకరి కోసం ఉండిపోయినవాళ్ళ కథ అలా ఉంటుంది. ఉండిపోయినవాళ్ళకి కసి, ఎవరి కోసం ఉన్నారో వాళ్ళకి సిగ్గు.

నీ వాదనకి పది మార్కులకి నాలుగు. భువనేశ్వర్ రాసి ఇవ్వు.

అత్త.

రాయగడ,
26 మార్చి 2024.

అత్తయ్యగారికి,

భువనేశ్వర్ అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. మీరే నెగ్గారు.

ఇవ్వడానికి ముందు ఒక పని చేశాను, అది కూడా చెప్పాలి. ఉత్తరాల్లో మీతో నేను గెలవలేను. ఎదురుగా నిలబడి అడుగుదామని మొన్న ఆదివారం రైలెక్కి వచ్చాను. ఏ దాఖలా తేలేదు. గుడారి రైతులు ఇచ్చిన కందిపప్పు మాత్రం తెచ్చాను.

తలుపు కొట్టాను. పిలిచాను. సింహాచలమ్మగారి ఇంటికి తాళం ఉంది, సంతకి వెళ్ళినట్టున్నారు. పక్కకి వెళ్ళి కిటికీలోంచి చూస్తే మీ వీపు కనిపించింది. నాన్న కుర్చీ ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతూ గట్టిగా మాట్లాడుతున్నారు. మళ్ళీ పిలిచాను. అప్పుడు ఫోన్ చేశాను. ఫోన్ మీ పక్కనే బల్ల మీద వెలిగింది. మీరు దాని వైపు చూశారు. నా పేరు చదివారు. బోర్లించి పెట్టి మళ్ళీ కుర్చీతో మాట్లాడటం మొదలుపెట్టారు.

మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. అప్పటినుంచీ మీరే పెంచారు. కుక్కపిల్ల కావాలన్నా, సైకిల్ కావాలన్నా వాదించి తీసుకున్నాను. మీరు కావాలంటే కూడా వాదించాలా? వాదించాను, నాలుగు మార్కులు వేశారు. ఖాళీ కుర్చీతో మాట్లాడటానికి మీకు ఓపిక ఉంది, నాతో లేదు.

పప్పు సంచి గుమ్మం పక్కన పెట్టి వచ్చాను. ఆరోగ్యం చూసుకోండి.

మహతి.

కోరాపుట్,
12 ఏప్రిల్ 2024.

నా తల్లీ,

నన్ను మీరు అని రాశావు. ఆ ఒక్క మాట చూసి లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. పది రోజులుగా జవాబు రాస్తూ చింపుతున్నాను. మధ్యలో ఉగాది కూడా వెళ్ళిపోయింది, పచ్చడి చేసి నాలిక మీద వేసుకున్నాను, అంతే.

నాకు వినపడదు, అమ్మీ.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది కూడా అంతంత మాత్రమే. ఆ సంగతి మీ నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు. గుమ్మంలోకి ఎవరైనా వస్తే వాడు బల్ల మీద రెండు దెబ్బలు వేసేవాడు, నా అరచేతికి తెలిసేది. మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని పెదవులు నెమ్మదిగా కదిపేవాడు. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ వాడే మళ్ళీ చెప్పేవాడు. వాడు పోయాక కుడి చెవితో నీ ఫోన్లు నెట్టుకొచ్చాను. పోయిన కార్తీకంలో అది కూడా పోయింది. యంత్రం పెట్టించుకున్నాను. అందులో సంత అంతా ఒక్కసారి అరిచినట్టు ఉంటుంది, మనిషి మాట మాత్రం రాదు. సింహాచలమ్మ కేకలు కూడా పెదవులు చూసి పోల్చుకున్నవే.

ఉత్తరాలు రాసుకుందామని నేనెందుకు అన్నానో ఇప్పుడు తెలిసిందా? ముత్తవ్వ కథ నిజమే. దాన్ని నేను తెరలా అడ్డం పెట్టుకున్నాను. బదిలీ మాట నీ ఉత్తరంలో చదవగానే నిర్ణయించుకున్నాను, చెవిటి అత్తకి నిన్ను కాపలా పెట్టకూడదని. అందుకే నందపూర్, అందుకే రాజులు.

ఆ ఆదివారం నీ పేరు వెలగడం చూశాను. ఎత్తితే నీ గొంతు రాదు. అవతల నువ్వు హలో హలో అంటుంటే నేను మూగదానిలా కూర్చోవాలి. అందుకని బోర్లించాను. నువ్వు కిటికీ అవతలే ఉన్నావని నాకేం తెలుసు? ఆ సంచి సింహాచలమ్మ పెట్టిందనుకున్నాను. పప్పు వండి, ఆవిడకి గిన్నెడు పంపి, చేతులు పట్టుకుని కృతజ్ఞతలు కూడా చెప్పాను. ఆవిడ "ఏటో, టీచరమ్మకి మతి పోనాది" అనుకుని ఉంటుంది.

ఆ కుర్చీతో ఏం మాట్లాడుతున్నానో చెప్పనా? మీ నాన్న పక్షాన నేనే, "పిల్లని రమ్మని రాయొచ్చు కదే" అంటున్నాను. నా పక్షాన నేనే, "దాఖలా ఏదీ?" అంటున్నాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఉండగా నేను లోపల నిన్నే వాదించి ఓడించాను.

ఇంకొకటి. బిశ్వజిత్‌ని తిట్టినదాన్ని, నేను అంతకంటే అన్యాయం చేశాను. తాతయ్య కథలో సగం నీకు రాయకుండా దాచాను. ఆయన పోయిన ఏడాది మా మేనత్త వరండాలో కూర్చుని బియ్యం ఏరుతూ, ఎవరూ అడక్కుండానే అంది, "సణిగితే సణిగేడు. ఉన్నాడే." అంతే అంది. మళ్ళీ బియ్యం ఏరుకుంది. ఆ మాట నీకు రాస్తే నా వాదన నిలవదు. అందుకని రాయలేదు.

నందపూర్ సంగతి కూడా తప్పే చెప్పాను. రాజు వెళ్ళి బాగుపడ్డాడని అందరూ చెబుతారు. ఆ ఊరికి ఎలా ఉండిందో దాన్ని ఎవరూ అడగలేదు. సంత జరుగుతోంది, పొలాలు పండుతున్నాయి, లోటేముంది అని నేనే రాశాను. ఇప్పుడు నన్ను అడిగితే చెబుతాను. బాగాలేదు, అమ్మీ. అసలేమీ బాగాలేదు.

నువ్వు ఇచ్చింది ఇచ్చేశావు. అక్కడే బాగుంటుందంటే వెళ్ళు, ఈసారి నేను ఎవరినీ పిలుచుకురాను. కానీ నువ్వు అడిగిన దానికి నా అసలు జవాబు ఇది. నాకు నువ్వు కావాలి. నా దగ్గర ఉండు. దీనికి నా దగ్గర దాఖలా ఏదీ లేదు.

జానకి.

రాయగడ,
22 ఏప్రిల్ 2024.

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. సుభశ్రీ ఏమైందని అడిగితే చెప్పలేక కాగితం ఆమె చేతికిచ్చాను. ఆమెకి తెలుగు రాదని అప్పుడు గుర్తు రాలేదు. కాసేపు అక్షరాల వంక చూసి, మడత పెట్టి ఇచ్చి, నా నీళ్ళ గ్లాసు నింపి తెచ్చింది.

వెంటనే ఇంకో దరఖాస్తు రాసి పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాను, భువనేశ్వర్ వద్దు, కోరాపుట్ కావాలని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇచ్చిన తర్వాత ఇలా వెనక్కి తీసుకున్నవాళ్ళు ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. అచ్చం నాన్న గొంతే. "ఎవరూ లేరండి" అన్నాను. నిజంగానే ఎవరూ లేరు. ఆయన కాగితం తీసుకున్నాడు. ఏం చేస్తారో తెలియదు. కాదంటే భువనేశ్వర్‌లో ఇద్దరికి సరిపడే ఇల్లు వెతకాలి. ఒక్కదాన్నే అయితే వెళ్ళను.

నీ చెవుల సంగతి నాకు తెలియాల్సింది. నాన్న కర్మల రోజుల్లో నువ్వు ఎవరు పలకరించినా ఊరికే తలూపుతూ ఉండేదానివి. దుఃఖంలో ఉన్నావనుకున్నాను. నిన్ను నాన్నకి అప్పగించేసి నేను నిశ్చింతగా ఉన్నాను, నాన్న పోయాక కూడా అలాగే ఉన్నాను.

నేనొచ్చాక ఆ కుర్చీలో కూర్చుంటాను. పెదవులు నెమ్మదిగా కదుపుతాను. బల్ల మీద దెబ్బలు వెయ్యడం నాకూ వచ్చు. అప్పుడప్పుడు భువనేశ్వర్ పేరు చెప్పి సణుగుతాను కూడా, నీకు ఎలాగూ వినపడదు.

ఈ ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. తలుపు కొట్టను. గడియ వెయ్యకు.

నీ మహతి.